గేర్ల సైకిలు: ఏ బాటకు ఏది?



పోయిన జూన్‌లో బడి తెరిచిన వారానికే మా తొమ్మిదో తరగతి పిల్లవాడి తండ్రి నన్ను వెతుక్కుంటూ వచ్చారు. బళ్ళారి పక్క పల్లెలో నాలుగెకరాల రైతు. మిరపకాయలు అమ్మిన డబ్బు ఇంకా చేతిలో ఉంది. "సార్, పిల్లోడు గేర్ల సైకిలే కావల్లంటాడు. మీరు లెక్కలు చెప్పేవాళ్ళు, ఏది తీసుకోవల్లో మీరే చెప్పండి" అన్నారు.

ఆ అడగడంలో కాస్త భయం కూడా ఉంది. దానికి కారణం వాళ్ళ పక్కింటి సైకిలు. అంతకు ముందు ఏడు ఆ ఇంటివాళ్ళు కొడుకు పోరు పడలేక పన్నెండు వేలు పోసి ఒక డబుల్ షాకప్ సైకిలు తెచ్చారు. లావు టైర్లు, ముందొక స్ప్రింగు, నడుమ ఎర్రరంగు స్ప్రింగు, చక్రాలకు డిస్కులు. ఊళ్ళో పిల్లలంతా దాని చుట్టూ మూగారు. సంక్రాంతి నాటికి గేరు పడడం మానేసింది. ఉగాదికి నడుమ స్ప్రింగు కిర్రుమనడం మొదలైంది. ఇప్పుడది పశువుల కొట్టం గోడకు ఆనించి ఉంది. పిల్లవాడు మళ్ళీ తాత నల్ల సైకిలు మీదనే బడికి వస్తున్నాడు.

పన్నెండు వేలు అంటే మనలాంటి ఇళ్ళల్లో తేలిగ్గా పోగొట్టుకునే డబ్బు కాదు. అందుకే ఈనాటి ప్రసంగంలో మొదటిసారి గేర్ల సైకిలు కొనేవాళ్ళ కోసం, అందులోనూ హార్డ్‌టెయిల్ అనే రకం గురించి చెబుతాను. ముందు ఫోర్కుకు మాత్రం స్ప్రింగు ఉండి, వెనుక ఏ స్ప్రింగూ లేకుండా చట్రం గట్టిగా ఉండే కొండ సైకిలును హార్డ్‌టెయిల్ అంటారు. కంపెనీల పేర్లు చెప్పి ఇది కొనండి, అది కొనకండి అనడం రేడియోలో నా పని కాదు. దుకాణంలో నిలబడినప్పుడు ఏది చూడాలి, ఏది తడమాలి, ఏ ప్రశ్న అడగాలి అన్నది చెబుతాను.

మొదట ఈ సైకిలు ఎందుకు పుట్టిందో తెలిస్తే సగం సందేహాలు తీరుతాయి. అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కోకు ఉత్తరాన మారిన్ కౌంటీ అనే ప్రాంతం ఉంది. అక్కడ టమాల్‌పైస్ అనే కొండ. 1970లలో కొందరు కుర్రవాళ్ళు 1930లు, 40ల నాటి పాత ష్విన్ సైకిళ్ళను పాత సామాను దుకాణాల్లో ఏరుకొచ్చి, ఆ కొండ మట్టిబాటల్లో కిందికి దూకించేవారు. ఆ సైకిళ్ళకు టైర్లు లావు. బ్రేకు మాత్రం వెనుక చక్రం ఇరుసులో ఉండేది. పెడలు వెనక్కి తొక్కితే పడేది. కొండ దిగేసరికి ఆ ఇరుసు కాలి, లోపలి గ్రీజు పొగై పోయేది. ప్రతిసారీ విప్పి మళ్ళీ గ్రీజు కూరాల్సి వచ్చేది. ఆ ప్రాంతంలో 1976 అక్టోబరు 21న మొదలైన పందేనికి అందుకే 'రీప్యాక్' అని పేరు పడింది, మళ్ళీ కూరడం అని అర్థం. 1977లో జో బ్రీజ్ అనే ఆయన ఈ పనికోసమే ప్రత్యేకంగా ఒక సైకిలు చట్రం తయారుచేశాడు. 1981లో స్పెషలైజ్డ్ కంపెనీ స్టంప్‌జంపర్ అనే పేరుతో కొండ సైకిలును పెద్ద సంఖ్యలో తయారుచేయించి అమ్మింది. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో ఈ పందెం చేరింది.

ఇందులో మీరు గమనించవలసిన సంగతి ఒకటుంది. ఆ మొదటి కొండ సైకిళ్ళకు స్ప్రింగన్నదే లేదు. లావు టైరు, పట్టు ఉన్న బ్రేకు, ఎత్తు ఎక్కించే గేరు, బలమైన చట్రం, ఈ నాలుగింటితోనే కొండలు దిగారు, ఎక్కారు. ముందు ఫోర్కులో స్ప్రింగు వాడకంలోకి వచ్చింది 1989 ప్రాంతంలో. మన పిల్లలు దుకాణంలో ముందు చూసేది స్ప్రింగును, తరవాత రంగును. టైరూ బ్రేకూ గేరూ ఆఖరున.

ఇక అదే ధరకు రెండు స్ప్రింగులు వస్తుంటే ఒక స్ప్రింగుది ఎందుకు కొనాలి అంటారు. న్యాయమైన ప్రశ్నే. వెనుక స్ప్రింగు పెట్టాలంటే చట్రాన్ని రెండు ముక్కలు చేసి నడుమ కీలు పెట్టాలి. ఆ కీలుకు మంచి బేరింగులు, ఆ స్ప్రింగుకు నూనెతో పనిచేసే సిలిండరు ఉంటేనే అది పనికొస్తుంది. అటువంటిది లక్ష రూపాయల చుట్టుపక్కల, ఆపైన ఉంటుంది. పన్నెండు వేలకు వచ్చేది ఉత్త స్ప్రింగు, ఉత్త బోల్టు. సైకిలు బరువు పదిహేడు, పద్దెనిమిది కిలోలకు చేరుతుంది. తొక్కిన ప్రతిసారీ మీ బలంలో కొంత ఆ స్ప్రింగు మింగేస్తుంది, ఇసుకలో నడిచినట్టు. ఆ కీలు వదులైతే వెనుక చక్రం పక్కలకు ఊగుతుంది. పక్కింటి సైకిలుకు పట్టిన గతి ఇదే. అదే డబ్బుకు, లేదా మరికాస్త కలిపి హార్డ్‌టెయిల్ తీసుకుంటే ఆ కీలు, ఆ స్ప్రింగు ఖర్చు మంచి బ్రేకుకూ గేరుకూ వెళుతుంది. బరువు పద్నాలుగు, పదిహేను కిలోల్లో ఉంటుంది.

సరే, హార్డ్‌టెయిల్ అనుకున్నాం. అయితే అందరికీ అది కావాలా? నన్నడిగితే, అక్కరలేదు. మీరు తొక్కే బాట ఏది అన్నదే మొదటి ప్రశ్న.

యానాం శ్రోతలనే తీసుకోండి. గోదావరి పాయ పక్కన నేల అరచేతిలా చదును. అక్కడ ఎత్తు అంటే వంతెన ఎక్కడమే. షోలాపూరులో మన పద్మశాలీ కుటుంబాల పిల్లలు తారురోడ్డు మీదనే బడికీ కాలేజీకీ వెళ్ళివస్తారు. ఇలాంటి చోట్ల స్ప్రింగు ఫోర్కు మోత బరువు. సన్నటి టైర్లతో, గట్టి ఫోర్కుతో, ఏడెనిమిది గేర్లతో హైబ్రిడ్ అనే రకం వస్తుంది, అది చాలు. తమిళనాడులో ప్లస్ వన్ పిల్లలకు ప్రభుత్వం ఇచ్చే మామూలు సైకిలు ఇంట్లో ఉంటే, దానికి మంచి బ్రేకు రబ్బర్లు వేయించి చైనుకు నూనె పెట్టండి, ఇంకేం కొననక్కరలేదు.

కోరాపుట్, రాయగడ వైపు సంగతి వేరు. సాలూరు నుంచి సుంకి ఘాటు ఎక్కి పొట్టంగి వైపు పోయేవారికి గేరు విలువ ఒకరు చెప్పనక్కరలేదు. మా బళ్ళారి పక్కన, కోలారు అంతరగంగె కొండల దగ్గర, హోసూరు నుంచి తళి వైపు పల్లెబాటల్లో రాయీ ఎత్తూ రెండూ ఉన్నాయి. సిరొంచ వైపు అడవి దారుల్లో ఇసుక, గులకరాయి. ఇలాంటి చోట్ల హార్డ్‌టెయిల్ తన కూలి తాను తెచ్చుకుంటుంది.

హార్డ్‌టెయిల్‌లోనూ రెండు పోకడలున్నాయి. ఇది చాలామంది అమ్మేవాళ్ళే చెప్పరు. మొదటిది క్రాస్‌కంట్రీ పోకడ. దూరం తొక్కడానికి, ఎత్తు ఎక్కడానికి పనికొచ్చేది. ముందు స్ప్రింగు కదలిక 80 నుంచి 100 మిల్లీమీటర్లు ఉంటుంది. టైరు రెండు అంగుళాలు, అటూ ఇటూగా. కూర్చున్నవాడు కాస్త ముందుకు వంగి ఉంటాడు. రెండోది ట్రెయిల్ పోకడ. రాళ్ళమీద నుంచి కిందికి దిగడం మీద మోజున్నవాళ్ళది. స్ప్రింగు కదలిక 120 నుంచి 140 మిల్లీమీటర్ల దాకా, టైరు రెండుంపావు నుంచి రెండున్నర అంగుళాలు, హ్యాండిల్ బాగా వెడల్పు.

వీటి అసలు తేడా చూపుకు వెంటనే అందదు. అది ఫోర్కు వాలులో ఉంది. సైకిలును పక్క నుంచి చూడండి. ముందు ఫోర్కు నేలతో ఒక కోణం చేస్తుంది. క్రాస్‌కంట్రీ రకానికి ఆ కోణం దాదాపు 70 డిగ్రీలు, నిలువుకు దగ్గర. ట్రెయిల్ రకానికి 66 డిగ్రీల చుట్టుపక్కల, కాస్త ముందుకు వాలి ఉంటుంది. నాలుగు డిగ్రీలే కదా అనుకోకండి. ఫోర్కు వాలినప్పుడు ముందు చక్రం మీకు దూరంగా ఉంటుంది, కాబట్టి నిటారు దిగువలో తలకిందులుగా పడే భయం తగ్గుతుంది. అదే సైకిలు మీద ఎత్తు మెల్లగా ఎక్కుతుంటే ముందు చక్రం అటూ ఇటూ తిరుగుతూ మాట వినదు. నిలువు ఫోర్కుది ఎక్కేటప్పుడు చెప్పినట్టు వింటుంది, దిగేటప్పుడు కంగారు పెడుతుంది. రోజూ బడికో పొలానికో ఏడెనిమిది కిలోమీటర్లు పోయి, ఆదివారం కొండబాటలో తిరిగేవారికి క్రాస్‌కంట్రీ రకమే సరి. ట్రెయిల్ రకం ఆ కొండ కోసమే బతికేవాళ్ళకు. దాని వెడల్పు హ్యాండిల్‌తో మా సంత వీధిలో దూరితే ఒకవైపు బుట్టలు, మరోవైపు మేకలు!

గాలిలోకి దూకే కుర్రవాళ్ళ కోసం చిన్న చట్రంతో, తక్కువ సీటుతో ఇంకో రకం కూడా ఉంది. దాని మీద కూర్చుని దూరం పోలేం. బడికి కొనే తల్లిదండ్రులు దాని జోలికి పోనక్కరలేదు.

ఇప్పుడు స్ప్రింగు సంగతి కాస్త వివరంగా చెప్పుకుందాం. తక్కువ ధర ఫోర్కులో ఉక్కు స్ప్రింగు ఉంటుంది. ధర పెరిగితే గాలి నింపే ఫోర్కు వస్తుంది, దాని బిగువును తొక్కేవాడి బరువును బట్టి మార్చుకోవచ్చు. మొదటి సైకిలుకు ఉక్కు స్ప్రింగే ఉంటుంది, దానికి బాధపడకండి. కానీ స్ప్రింగును నొక్కితే దిగడం ఒక ఎత్తు, వదిలితే ఎలా లేస్తుందన్నది మరొక ఎత్తు. మంచి ఫోర్కులో నూనె సిలిండరు ఉండి దాన్ని మెల్లగా లేవనిస్తుంది. చవక ఫోర్కులో ఆ అదుపు ఉండదు. దిగుతుంది, వెంటనే ఎగిరి కొడుతుంది. వరసగా రాళ్ళు వస్తే చేతులను ఆ ఎగురుడే ఎక్కువ నొప్పి పెడుతుంది.

దుకాణంలో ఇలా చూడండి. ముందు బ్రేకు గట్టిగా పట్టుకుని, హ్యాండిల్ మీద బరువు వేసి ఒక్కసారి నొక్కి వదలండి. ఠక్కున చప్పుడు చేస్తూ లేచిందంటే అదుపు లేదు. కాస్త ఊపిరి తీసుకున్నట్టు లేస్తే మంచిది. తరవాత బ్రేకు అలాగే పట్టి సైకిలును ముందుకూ వెనక్కూ ఊపండి. ఫోర్కు కాళ్ళు లోపల లొడలొడలాడితే వద్దు. మూడోది, ఫోర్కు పైన చిన్న బిరడా ఉందేమో చూడండి. దాన్ని తిప్పితే స్ప్రింగు బిగుసుకుపోతుంది, దాన్ని లాకౌట్ అంటారు. తారురోడ్డు మీదా ఎత్తు ఎక్కేటప్పుడూ అది బిగించుకుంటే మీ బలం చక్రానికే పోతుంది. సగం తారు, సగం మట్టి తొక్కేవారు లాకౌట్ లేని ఫోర్కు తీసుకోకండి. చవక స్ప్రింగు ఫోర్కు ఒక్కటే రెండుంపావు, రెండున్నర కిలోలు తూగుతుంది. పనిచేయని స్ప్రింగును అంత బరువుతో రోజూ మోయడం ఎందుకు?

గేర్ల దగ్గరికి వద్దాం. ఇక్కడ నా లెక్కల మాస్టరు బుద్ధి బయటపడుతుంది, ఓర్చుకోవాలి.

మన నల్ల సైకిలుకు ముందు పళ్ళచక్రం 44 పళ్ళది, వెనుకది 18 పళ్ళది అనుకోండి. ముందుది ఒక చుట్టు తిరిగితే వెనుక చక్రం 44ను 18తో భాగించినన్ని సార్లు, అంటే రెండున్నర సార్లకు కొంచెం తక్కువగా తిరుగుతుంది. ఆ చక్రం చుట్టుకొలత సుమారు 2 మీటర్ల 20 సెంటీమీటర్లు. అంటే పెడలు ఒక చుట్టు తొక్కితే సైకిలు ఐదున్నర మీటర్లకు కాస్త తక్కువ దూరం పోతుంది. చదును నేలమీద ఇది చక్కటి లెక్క. పెద్దవాళ్ళు ఊరికే ఆ పళ్ళు ఎంచలేదు.

ఇప్పుడు హార్డ్‌టెయిల్. ముందు మూడు పళ్ళచక్రాలు, 42, 34, 24. వెనుక ఏడు, 14 నుంచి 28 దాకా. ముందు చిన్నది, వెనుక పెద్దది వేస్తే 24ను 28తో భాగించాలి. ఒకటికి కూడా తక్కువ. పెడలు ఒక చుట్టుకు సైకిలు రెండు మీటర్ల లోపే కదులుతుంది. నల్ల సైకిలుతో పోలిస్తే మూడో వంతు దూరం, దాదాపు మూడో వంతు బలం. ఘాటులో దిగి తోసే చోట కూర్చునే ఎక్కగలగడం అంటే ఇదే. బలం ఎక్కడినుంచో ఊడిపడలేదు. మెట్ల మీద రెండేసి మెట్లు దాటకుండా సగం సగం మెట్టు కట్టుకున్నాం, అంతే.

ముందు మూడు, వెనుక ఏడు కాబట్టి 21 గేర్లని దుకాణంలో చెబుతారు. పిల్లలకు ఆ అంకె అంటే ఎంతో గొప్ప. కానీ 42ను 28తో భాగించండి, ఒకటిన్నర. 24ను 16తో భాగించండి, అదీ ఒకటిన్నరే. రెండూ ఒకే గేరు. ఇలాంటి జంటలు చాలా ఉన్నాయి. కలిపి చూస్తే వేరువేరుగా పనికొచ్చేవి పది, పన్నెండుకు మించవు. పైగా ముందు పెద్దది, వెనుక పెద్దది ఒకేసారి వేస్తే చైను ఏటవాలుగా లాగబడి త్వరగా అరుగుతుంది. అందుకే ఇప్పుడు కొత్త సైకిళ్ళలో ముందు ఒక్క పళ్ళచక్రమే పెట్టి, వెనుక తొమ్మిదో పదో పెడుతున్నారు. ముందు 32, వెనుక 11 నుంచి 46 పళ్ళ దాకా ఉన్నదాన్ని లెక్క వేయండి. ఒక చుట్టుకు ఒకటిన్నర మీటరు నుంచి ఆరుంపావు మీటర్ల దాకా వస్తుంది. ఇరవై ఒక్క గేర్లు చేసే పని తొమ్మిదితోనే అయిపోయింది. ఎడమచేతికి మీటా లేదు, ముందు గేరు ఇరుక్కుంటుందన్న దిగులూ లేదు. దుకాణదారు తొమ్మిది గేర్లది చూపించి ఎక్కువ ధర చెబితే మోసమని తొందరపడకండి.

చక్రాల కొలతల్లో మన ఊళ్ళలో జరిగే పొరపాటు ఒకటి చెప్పాలి. కొండ సైకిలుకు 26, ఇరవై ఏడున్నర, 29 అంగుళాలు అని మూడు రకాల చక్రాలున్నాయి. 26 అంటే మన లేడీస్ సైకిలు 26 అంగుళాల టైరే అనుకుని సంతలో కొనుక్కొచ్చినవాళ్ళను చూశాను. ఎక్కదు. టైరు పక్కన చిన్న అక్షరాలతో ఇంకో అంకె అచ్చు పోసి ఉంటుంది. అది రిమ్ము అసలు కొలత, మిల్లీమీటర్లలో. 26 అంగుళాల కొండ సైకిలుకు 559. లేడీస్ సైకిలు 26 ఇంటూ ఒకటీ మూడు బై ఎనిమిదికి 590. ఇరవై ఏడున్నరకు 584. 29కి 622. మన 28 అంగుళాల నల్ల సైకిలుకు 635. చూశారా, 28 అన్నదే 29 కన్నా పెద్ద రిమ్ము! అంగుళాల అంకెను నమ్మకండి, మిల్లీమీటర్ల అంకెను రాసిపెట్టుకోండి.

పెద్ద చక్రం రాయిమీద, గుంతమీద సులువుగా దొర్లిపోతుంది. 29 అంగుళాలది పొడుగైనవాళ్ళకు, దూరం పోయేవాళ్ళకు బాగుంటుంది. ఐదడుగుల ఐదంగుళాల లోపు ఉన్నవాళ్ళకూ, ఎదిగే పిల్లలకూ ఇరవై ఏడున్నర వాటం. 26 ఇప్పుడు చవక రకాల్లోనూ చిన్న పిల్లల సైకిళ్ళలోనూ ఉంటోంది. ఆ ట్యూబులు పల్లెల్లో దొరుకుతాయన్నది దాని మంచిగుణం. మీ ఊరి పంచరు షాపులో ఏ కొలత ట్యూబు ఉంటుందో కొనేముందే అడగండి. లేకపోతే పట్నంలో రెండు ట్యూబులు అదనంగా కొనుక్కోండి.

పంచరు మాట వచ్చింది కాబట్టి. మన వైపు సర్కారు తుమ్మ ముల్లు, పల్లేరు కాయ, రెండూ లావు టైరును కూడా లెక్కచేయవు. లావు టైరులో గాలి తక్కువగా ఉంచితే మట్టిలో పట్టు వస్తుంది, మెత్తగా పోతుంది. మరీ తగ్గిస్తే రాయి తగిలినప్పుడు ట్యూబు రిమ్ముకు నలిగి రెండు చోట్ల చిల్లు పడుతుంది. ఎంత పట్టాలన్నది టైరు పక్కనే రాసి ఉంటుంది. ఆ హద్దుల్లో మట్టిబాటకు తక్కువ వైపు, తారుకు ఎక్కువ వైపు ఉంచండి. ట్యూబులో పోసే జిగురు ద్రవం ఒకటి దొరుకుతుంది. ముళ్ళదారి రోజూ తొక్కేవారికి అది దండగ కాదు.

రేగడి నేలల శ్రోతలకు మరో మాట. వానకాలంలో నల్లరేగడి నల్ల సైకిలును ఎలా నిలబెడుతుందో మీకు తెలుసు. మడ్‌గార్డుకూ టైరుకూ నడుమ బంక చేరి చక్రం తిరగదు. పుల్లతో గీకుతూ, సైకిలును భుజాన వేసుకుని బడికి వచ్చే పిల్లలను ప్రతి ఏడూ చూస్తాను. హార్డ్‌టెయిల్‌లో టైరుకూ చట్రానికీ నడుమ ఖాళీ ఎక్కువ. కొనేటప్పుడు టైరుకు రెండు పక్కలా వేలు దూరేంత చోటు ఉందా అని చూడండి. మడ్‌గార్డు వేయించుకుంటే టైరుకు ఎత్తుగా ఉండే రకం వేయించుకోండి. ఎంత చేసినా అసలైన రేగడి బురదలో ఏ సైకిలూ గెలవదు, ఎత్తుకుని నడవాల్సిందే. అప్పుడు ఇరవై కిలోలు ఎత్తడం వేరు, పద్నాలుగు కిలోలు ఎత్తడం వేరు.

బ్రేకు విషయంలోనూ ఈ బురదే తేలుస్తుంది. రిమ్మును పట్టే రబ్బరు బ్రేకు తేలిక, చవక, ఏ పల్లెలోనైనా బాగుచేస్తారు. రిమ్ము తడిసినా బురదైనా పట్టు తగ్గుతుంది. డిస్కు బ్రేకు ఇరుసు దగ్గర ఉంటుంది కాబట్టి బురద అంత త్వరగా అంటదు. అందులో తీగతో లాగేది ఒక రకం, నూనెతో పనిచేసేది మరొక రకం. నూనెది ఒక్క వేలితో నొక్కితే ఆగుతుంది, కానీ అది కారితే మన ఊళ్ళో బాగుచేసేవాడు దొరకడు. పట్నానికి దూరంగా ఉన్నవారికి నా సలహా తీగ డిస్కే. ఒక్క జాగ్రత్త చెబుతాను, దయచేసి గుర్తుంచుకోండి. మన పంచరు షాపు అన్నలు ప్రేమ కొద్దీ సైకిలు అంతటికీ నూనె కొడతారు. డిస్కు రేకు మీద ఒక్క చుక్క పడినా బ్రేకు జారిపోతుంది. దిగువలో ఆ సంగతి తెలియడం మంచిది కాదు. "అన్నా, చైనుకు మాత్రం పెట్టు" అని పక్కన నిలబడి చెప్పండి.

ఇంత చెప్పాక, అన్నిటికన్నా ముందు చూడవలసింది చట్రం కొలత. ఎంత మంచి సైకిలైనా పెద్దదైతే మనది కాదు. పిల్లవాడు ఎదుగుతాడు కదా అని రెండు సైజులు పెద్ద చొక్కా కొన్నట్టు సైకిలు కొనకూడదు. చేతులు చాపి, నడుము లాగి తొక్కి, ఆరు నెలల్లో వీపు నొప్పి అంటాడు. పడే ప్రమాదం ఎక్కువ. రెండు కాళ్ళూ నేలమీద ఆనించి నడిమి కడ్డీకి ఇరువైపులా నిలబడితే, కడ్డీకీ ఒంటికీ నడుమ కనీసం రెండు అంగుళాల ఖాళీ ఉండాలి. సీటు మీద కూర్చుని మడమ పెడలు మీద పెడితే, పెడలు అడుగున ఉన్నప్పుడు కాలు తిన్నగా చాచుకోవాలి. ఐదడుగుల రెండు నుంచి ఐదున్నర అడుగుల దాకా ఉన్నవాళ్ళకు 15, 16 అంగుళాల చట్రం, ఐదడుగుల పది దాకా 17, 18 అంగుళాలు సుమారుగా సరిపోతాయి. ఎక్కి చూడకుండా మాత్రం తీసుకోకండి.

చట్రం లోహం విషయం క్లుప్తంగా. అల్యూమినియం తేలిక, తుప్పు పట్టదు. విరిగితే మాత్రం ఊరి వెల్డింగు షాపులో అతకదు. ఉక్కు బరువు, కానీ అతుకుతుంది. బస్తా కట్టుకుని పోయేవారు, వెనుక తమ్ముణ్ణో చెల్లెల్నో కూర్చోబెట్టుకునేవారు ఉక్కు నల్ల సైకిలునే ఉంచుకోండి. హార్డ్‌టెయిల్ ఒక్కరు తొక్కేదిగా కట్టింది. చాలావాటికి క్యారియరు బిగించే రంధ్రాలు కూడా ఉండవు, పుస్తకాల సంచి వీపునే మోయాలి.

చెప్పిన ధరతో ఖర్చు తీరదు. ఈ సైకిళ్ళకు లైటు, మడ్‌గార్డు, స్టాండు, తాళం, గంట వేరుగా కొనాలి. తలకు హెల్మెట్టు సరేసరి. ఇవాళ పనికొచ్చే హార్డ్‌టెయిల్ పదిహేను వేల నుంచి ముప్పై వేల నడుమ దొరుకుతుంది. మీ దగ్గర పద్దెనిమిది ఉంటే పదిహేను వేల సైకిలు చూడండి, మిగతా మూడు వేలు వీటికి ఉంచండి. పది వేల లోపు మాత్రమే ఉంటే గేర్లు, స్ప్రింగు మోజు వదిలి, గట్టి ఫోర్కుతో ఒక్క గేరుది మంచిది తీసుకోండి. ఆ ధరలో అన్నీ ఉన్నట్టు కనిపించే సైకిలే పశువుల కొట్టం పాలవుతుంది.

ఇక ఒక చిన్న ముక్క గురించి చెప్పి ముగిస్తాను. వెనుక గేరు మార్చే యంత్రం ఒక చిన్న అల్యూమినియం పలకకు వేలాడుతుంది. దాన్ని హ్యాంగర్ అంటారు. సైకిలు కుడివైపు పడితే చట్రం దెబ్బతినకుండా ఆ పలకే వంగిపోయేలా చేశారు. వంగాక గేరు పడదు. మెకానిక్కు తీగ బిగిస్తాడు, వదులు చేస్తాడు, గంటసేపు తిప్పుతాడు, లాభం ఉండదు. పక్కింటి సైకిలుకు సంక్రాంతి నాడు జరిగింది అదేనని తరవాత చూస్తే తెలిసింది. కొన్ని వందల రూపాయల ముక్క. అయితే ఒక్కో నమూనాకు ఒక్కో ఆకారం ఉంటుంది, ఒకదానిది ఇంకోదానికి పట్టదు. అందుకే సైకిలు కొన్న రోజే అదే దుకాణంలో అదే ముక్క ఇంకొకటి అడిగి తీసుకోండి. మా వైపు దుకాణాల్లో కన్నడంలో అడిగినా, హోసూరులో తమిళంలో అడిగినా, హ్యాంగర్ అంటే హ్యాంగరే.

మిరపకాయల రైతును, కొడుకును వెంటబెట్టుకుని ఒక ఆదివారం బళ్ళారి వెళ్ళాను. ఆ పిల్లవాడి దారి నాలుగు కిలోమీటర్లు తారు, మూడు కిలోమీటర్లు రేగడి బండిబాట. ఎత్తు ఒక్క చెరువుకట్టే. వాడి చూపంతా నడుమ స్ప్రింగు ఉన్నదాని మీదనే. ఎత్తి చూడమన్నాను. ఎత్తాడు, దించాడు, మాట్లాడలేదు. చివరికి 16 అంగుళాల చట్రం, ఇరవై ఏడున్నర చక్రాలు, లాకౌట్ ఉన్న ఫోర్కు, తీగ డిస్కుతో ఒక సాదా హార్డ్‌టెయిల్ తీసుకున్నారు. రంగు మాత్రం వాడు చెప్పిందే. హ్యాంగర్ ముక్క ఇంకొకటి అడిగితే దుకాణదారు నన్ను వింతగా చూసి, లోపలి పెట్టెలో వెతికి తెచ్చిచ్చాడు. అది ఇప్పుడు వాళ్ళింటి తాళాల గుత్తికి వేలాడుతోంది. ఇంతవరకు అవసరం పడలేదట.